మామయ్య జరిపిన మంచం

పెళ్లిళ్లకు వెళితే మా మామయ్య పర్శరాములుకు భోజనం కన్నా ముందు ఒక పని ఉంటుంది. అక్కడ పరిచిన జంపఖానా మూల ఎత్తి వెనక్కి తిప్పి చూస్తాడు. దాని మీద ఎవరైనా కూర్చుని ఉంటే, పెద్దమనిషైనా సరే, జర లేవమంటాడు. చూశాక పెదవి విరిచి, "ఏ తిక్కలోడు నేసిండో" అని పదిమందికి వినపడేలా అంటాడు. కొత్తవాడలో నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్న మనిషి. "నా చేతిల ఒక్క పోగు తప్పితే మగ్గం ఇప్పి పొయ్యిల పెడ్త" అనడం ఆయనకు అలవాటు. నేను కోడలిగా వచ్చిన రెండేళ్లలో ఆ మాట రెండు వందల సార్లన్నా విన్నాను. మగ్గం మాత్రం ఇంకా పొయ్యిలోకి పోలేదు.

మా నాన్న కృష్ణమోహన్ వేరే రకం. మాదీ పద్మశాలి ఇల్లే గానీ, మగ్గం మా తాతతోనే పోయింది. నాన్న హన్మకొండలో బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. పెళ్లి శుభలేఖను కూడా రెండుసార్లు చదివిగానీ పక్కన పెట్టడు. వియ్యంకులిద్దరూ "బావా, బావా" అనుకుంటారు గానీ ఒకరంటే ఒకరికి లోపల భయం. నాన్నకు మామయ్య నోరంటే భయం. మామయ్యకు నాన్న ఇస్త్రీ చొక్కా అంటే భయం. అడిగితే ఇద్దరూ ఒప్పుకోరు.

మొన్న నవంబరులో రెండు కుటుంబాలం కలిసి మేడారం పోయాం. అమ్మవార్లకు బెల్లం సమర్పించి, తిరుగు దారిలో ములుగు దగ్గర చెరువు పక్కన అద్దెకిచ్చే ఇంట్లో ఒక రోజు ఉన్నాం. నాన్న తన పేరు మీద బుక్ చేసి పదివేలు డిపాజిట్ కట్టాడు. హాల్లో ఎర్ర జంపఖానా, దాని మీద నల్ల గళ్లు. మామయ్య చెప్పులు విడవగానే మూల ఎత్తి చూశాడు. చూసి ఏమీ అనలేదు. ప్రయాణం బడలిక అనుకున్నాను. సాయంత్రానికి గోడ పక్కన ఉండాల్సిన నవారు మంచం జంపఖానా మధ్యలోకి వచ్చింది.

"ఇటు దిక్కు గాలి మంచిగ వస్తాంది" అన్నాడు. కిటికీ అటు దిక్కు ఉంది.

ఇంటికి తిరిగొచ్చిన మూడో రోజు ఆ అద్దె ఇంటి ఓనరు సుభాషిణి గారు నాన్నకు ఫోటో పంపింది. నల్ల గళ్ల వరసలో ఒక గడి వేలెడు పక్కకు జరిగి ఉంది. మీవాళ్లు మంచం ఈడ్చడం వల్ల దారాలు లాగుకుపోయి డిజైన్ పాడైంది, చేనేత కాబట్టి డిపాజిట్‌లో ఎనిమిది వేలు పట్టుకుంటున్నాం అని కింద మెసేజ్.

నాన్న వెంటనే నాకు ఫోన్ చేశాడు. "మహితా, మంచం జరిపింది మీ మామయ్యనే గదా? జంపఖానాలు నేసే మనిషి గట్ల ఈడుస్తడా?"

ఎనిమిది వేలు పోతే మా నాన్న కొంప మునగదు. కానీ ఆ గొంతులో, మగ్గపోళ్లకు మంచి ఇల్లు వాడుకునుడు రాదనే మాట నాన్న అనకుండానే నాకు వినిపించింది. ఒళ్లు మండిపోయింది. ఇటు మా అత్తమ్మ సరోజన అప్పటికే విచారణ మొదలుపెట్టింది.

"నువ్వు ఈడ్చినవా?"

"లే. ఎత్తే పెట్టిన."

"మరెట్ల పాడైంది?"

"పాడు గాలే."

"మరేందయ్యా?"

మామయ్య చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఎప్పుడూ ఆగని ఆ నోరు మూడు రోజులు మూతపడితే ఇల్లు దవాఖాన వార్డులా అయింది.

తప్పు చేయనప్పుడు ఎందుకు కట్టాలని నేనే పట్టుబట్టి, ఆదివారం నాన్ననూ మామయ్యనూ కారులో వేసుకుని ఆ ఇంటికి వెళ్లాను. నాన్న దారి పొడుగునా అద్దె షరతులు చదివి వినిపించాడు. మామయ్య కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాడు.

సుభాషిణి గారు మర్యాదగానే టీ ఇచ్చింది. నాన్న ఒక షరతు చదివాడు, ఆమె ఇంకో షరతు చదివింది. అలా పావుగంట గడిచింది. చివరికి ఆమె విసిగి, "సార్, చేత్తో నేసిన వస్తువు విలువ అందరికీ తెలియదు లెండి" అంది.

మామయ్య గ్లాసు కింద పెట్టాడు. "నాకు తెల్సమ్మా."

వంగి జంపఖానాను తిరగేశాడు. వెనకవైపు కూడా గడి అదే చోట జరిగి ఉంది. "దారం గుంజితే ఈడ ముడుతవడ్తది, పక్కన సందు అయితది. చెయ్యి పెట్టి సూడు, సాపుగ ఉంది. ఇది మంచంతోని అయింది కాదు. మగ్గం మీదనే లెక్క తప్పింది."

"కొన్నప్పుడు ఇది లేదండీ."

మామయ్య నాన్న వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఉండె. నేనే నేసిన."

ఆమె నమ్మలేదు. మామయ్య చివర ఒక కుచ్చు విప్పి మళ్లీ ముడి వేశాడు. ఆయనది ఎడమచేతి వాటం, ముడి అందరిలా కాక రెండోవైపుకు తిరుగుతుంది. పక్కనున్న కుచ్చులన్నీ అలాగే ఉన్నాయి.

"మరి మంచమెందుకు జరిపినవ్ బావా?" అన్నాడు నాన్న.

"నీకు కనవడొద్దని. నీ ముందట అన్ని గొప్పలు చెప్పుకున్న గదా, ఏ మొకం వెట్టుకోవాలె?"

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎట్ల తప్పింది?" నాన్న మెల్లగా అడిగాడు.

"నువ్వు సంబంధం మాట్లాడనీకి వచ్చిన రోజు. పొద్దుగాల మగ్గం మీద కూసున్న గని మనసంత వాకిలి దిక్కే. బ్యాంకు సారు, మగ్గం ఉన్న ఇంట్ల బిడ్డనిస్తడా ఇయ్యడా అని ఒకటే ఫికర్. చేతులు వణుకుతాంటే పోగులేం లెక్కవెడ్త?"

నాన్న షరతుల కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సుభాషిణి గారు సారీ చెప్పి, ఎనిమిది వేలు నాన్న ఫోనుకు అప్పుడే పంపేసింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అంకుల్, దీన్ని ఇక నేల మీద వేయను. గోడకు పెట్టించి, కింద మీ పేరు, ఈ కథ రాయిస్తాను. వచ్చిన గెస్టులందరూ చదువుతారు" అంది.

మామయ్య ముఖం పాలిపోయింది. "నీకు దండం వెడ్త తల్లీ, ఆ పైసలు నువ్వే ఉంచుకో. గోడకు మాత్రం ఎక్కియ్యకు. బావా, పైసలు వాపస్ కొట్టు!"

నాన్న ఫోను జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "కొట్టనంటే కొట్ట. గోడకే పెట్టుండ్రి మేడం, ఆ గడి కనవడేటట్టు పెట్టుండ్రి. లోన్ల కోసం నా ముందట చేతులు వణికినోళ్లను శానమందిని చూసిన. నా బిడ్డ కోసం వణికింది ఈయన ఒక్కడే."

మామయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"రాస్తె రాసినవ్ గని అమ్మా," అన్నాడు, "ఒక్కటే తప్పు అని గూడ రాయి."