పులిసిన పిండి వాసన

ఈ ఆదివారం పొద్దున్న నిజాంపేటలో మా వంటింట్లో కోడలు దోసెల పిండి గిన్నె మూత తీసి, మరీ పులిసిపోయింది, పారబోసేస్తానంటే వద్దని వారించాను గానీ, ఆ వాసన తగలగానే నా మనసు ఇరవై ఏళ్ళు వెనక్కి నడిచి, హైటెక్ సిటీ దగ్గర నేను పనిచేసిన ఆసుపత్రి ల్యాబులోకి వెళ్ళి కూర్చుంది.

అప్పట్లో అక్కడ అద్దాల మేడలకంటే బండరాళ్ళే ఎక్కువ. రోగుల మలం నమూనాలను, క్రిములకి మేతగా జెల్లీ పోసిన చిన్న ప్లేట్ల మీద రుద్ది, వెచ్చగా ఉంచి, ఏ క్రిములు మొలిచాయో చూడటం నా పని. ఒక్కోసారి తెల్లగా ఫంగస్ మొలిచేది, అచ్చం ఈ పిండి వాసనే. అది చాలామంది పేగుల్లో కిరాయికుండేదే, ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళ జోలికి రాదు. అందుకని అది కనబడితే రిపోర్టులో 'మామూలుగా ఉండేదే' అని రాసి, ప్లేటును బకెట్లో పడేయడం మా అందరికీ అలవాటు.

ఆ ఏడాది, బళ్ళో లెక్కలు చెప్పే మా చెల్లెలికి రక్త క్యాన్సర్ వచ్చి, మా ఆసుపత్రిలోనే వైద్యం చేయించాం. జబ్బు తగ్గుముఖం పట్టింది గానీ, ఆ మందులకి ఒంట్లో రోగనిరోధక శక్తి అడుగంటింది. ఆ ఫంగస్ వల్లే నోట్లో తెల్లపూత వచ్చినప్పుడల్లా, అన్నీ తెలిసినదాన్ని కదా, డాక్టరుకి చెప్పకుండా నేనే ఫంగస్ మాత్రలు కొనిచ్చి, పూత పోగానే చాలించమనేదాన్ని. మిగిలినవి మళ్ళీ పనికొస్తాయని డబ్బాలో దాచేదాన్ని, ఏదీ పారేయకపోవడం మా ఇంటి గుణం.

తర్వాత ఆమెకి జ్వరం పట్టుకుంది, ఏం చేసినా దిగదు. ఓ మధ్యాహ్నం వరసగా ప్లేట్లు చూస్తూ, ఒకదానికి అలవాటు కొద్దీ 'ఉండేదే' అని రాసి పడేశాను. ప్లేట్ల మీద నంబర్లే గానీ పేర్లుండవు. రిపోర్టు ఎక్కిద్దామని రిజిస్టరులో ఆ నంబరు వెతికితే, ఎదురుగా మా చెల్లెలి పేరు. ప్రభువా అనుకుని, బకెట్లోంచి ఆ ప్లేటు తీసుకుని ఏడుస్తూ మా పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ తెలంగాణ మనిషి, "నువ్వు ఏడుస్తే ఫంగస్ చస్తదా? ఇగ మందుబిళ్ళలు పెట్టి చూడు" అని కసిరారు.

ఆ ఫంగస్‌ని కొత్త ప్లేటు మీద రుద్ది, ఒక్కో మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్ళలు పెట్టాను; మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని ఖాళీ ఉండాలి. మర్నాడు చూద్దును కదా, నేను కొనిచ్చిన మాత్రల మందు చుట్టూ ఖాళీయే లేదు, అంచుదాకా దర్జాగా మొలిచింది. ఇంకో మందు చుట్టూ మాత్రం రూపాయంత ఖాళీ. చెల్లెలి రక్తంలోనూ అదే ఫంగస్ బయటపడింది. వెంటనే ఆ రెండో మందు నరానికి ఎక్కించారు. నాలుగోనాటికి జ్వరం దిగి, ఆకలేస్తోందంది. అంత తీపిమాట నేను మళ్ళీ వినలేదు.

అరకొరగా మాత్రలు మింగించి ఆ ఫంగస్‌ని మందుకి లొంగకుండా చేసింది నేనేనని ఒప్పుకుని భోరుమంటే, చెల్లెలు మంచం మీంచే లెక్క చెప్పింది: "వెయ్యిమందిని చంపితే అరవైద్యుడంటారక్కా, నువ్వు ఒక్కదాన్ని కూడా చంపలేకపోయావు."

ఇప్పుడు ఆ ల్యాబులో ఫంగస్ పేరు, దానికి లొంగే మందు మిషన్లే చెబుతాయట, ప్లేటు వాసన చూడటం నేరమట, మంచిదే. కిటికీలోంచి కనబడే బండరాళ్ళు లేవు, కసిరే డాక్టరమ్మా లేరు, తలుచుకుంటే కొంచెం బెంగగానే ఉంటుంది. నా డబ్బాలో మాత్రం మిగిలిన మాత్రలు ఉంచను. పిండి అంటారా, ఎంత పులిసినా పారబోయనివ్వను. ఖాజాగూడలో చర్చి అవగానే మా చెల్లెలు వస్తుంది, దానికి పుల్లదోసెలంటే ప్రాణం.