నాన్న బిగించిన మీటర్లు

నాన్న జీవితమంతా డీజిల్ రైలింజను నడిపాడు. ఉద్యోగం అయిపోయాక మౌలాలిలో, పట్టాలకు దగ్గర్లోనే చిన్న ఇల్లు కట్టుకుని అమ్మతో ఉంటున్నాడు. మేముండేది సీతాఫల్‌మండిలో. మా ఆయనకు ఒక డీజిల్ పికప్ బండి ఉంది. టెంట్‌హౌస్ వాళ్ల కుర్చీలు, షామియానాలు, పెద్ద పెద్ద వంట గిన్నెలు పెళ్లిళ్లకూ దినాలకూ చేరవేస్తాడు.

మాది ఇష్టపడి చేసుకున్న పెళ్లి. కులం వేరు. నాన్న తిట్టలేదు, గడప తొక్కొద్దనీ అనలేదు. పెళ్లికి రాలేదు, అంతే. తర్వాత నాతో మామూలుగానే ఉండేవాడు. మా ఇంటికొచ్చి నా చేతి టీ తాగి వెళ్లేవాడు. మా ఆయనతో మాత్రం ఒక్క మాట కూడా లేదు. ఎదురెదురుగా కూర్చున్నా సరే, “మీ ఆయన తిన్నడా?” అని నన్నే అడిగేవాడు. “తిన్ననని చెప్పు” అని మా ఆయన కూడా నాతోనే అనేవాడు. మొదట్లో నాకు ఏడుపొచ్చేది. పోనుపోను అలవాటైపోయి, అప్పుడప్పుడు నవ్వు కూడా వచ్చేది.

ఒక ఎండాకాలం, పెళ్లిళ్ల సీజన్లో మా బండి ఆగిపోయింది. శామీర్‌పేట వైపు కుర్చీల లోడుతో వెళ్తుంటే రేడియేటర్ పైపు పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. ఇంజను వేడెక్కితే ఆ బండిలో ఒక ఎర్ర లైటు వెలుగుతుంది. మీటరంటూ లేదు. ఆ లైటు వెలిగేసరికే బానెట్ సందుల్లోంచి పొగ వచ్చేస్తోందట. ఇంజను మొత్తం విప్పించాల్సి వచ్చింది. బాగయ్యేదాకా మా ఆయన పగలంతా మెకానిక్ షెడ్డులోనే ఉండేవాడు. ఇంటికొస్తే అన్నం కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేవాడు.

“నాతోని అయితలేదని ఒక్క మాట చెప్పినా ఆపేటోణ్ని గదా” అన్నాడొకసారి, బండి గురించి కాదు, మనిషి గురించి అన్నట్టు.

ఆ మాట అమ్మకు ఫోన్లో చెప్పాను. పక్కనే నాన్న ఉన్నట్టున్నాడు. “వేడి ముల్లు చూసుకోలేదా?” అని ఆయన గొంతు వినిపించింది. “ఆ బండికి ముల్లే లేదంట” అంది అమ్మ.

బండి రిపేరై ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, ఒక ఆదివారం పొద్దున నాన్న గుడ్డ సంచితో వచ్చాడు. సంచిలో పాత తువాలు, ఆ తువాల్లో చుట్టి రెండు గుండ్రటి మీటర్లు. రాణిగంజ్‌లో స్పేర్‌పార్టుల దుకాణాలన్నీ తిరిగి ఏరుకొచ్చాడట. వాటితో పాటు వైరు చుట్ట, ఇత్తడి జాయింట్లు, తన స్పానర్లు.

“ఒకటి ఇంజన్ల నీళ్లెంత వేడిగున్నయో చూపిస్తది. ఇంకోటి ఆయిల్ ప్రెషర్” అన్నాడు నాతో. “మీ ఆయనకు చెప్పు. లైట్ వెలిగిందంటే పానం పొయినంక కబురొచ్చినట్టు. ముల్లుంటే ముందుగాలనే ఎరుకైతది.”

మా ఆయన నోట్లో బ్రష్షుతో తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మూతి కడుక్కొచ్చి, “ఆయనకెందుకు ఇంత తక్లీఫ్? మెకానిక్ పెడ్తడు గదా అని చెప్పు” అన్నాడు.

“మెకానిక్‌కు పది బండ్లుంటయి. నాకు ఇదొక్కటే అని చెప్పు” అన్నాడు నాన్న.

నేను ఏదీ ఎవరికీ చెప్పలేదు. బండి తాళాలు తెచ్చి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాను.

ఇంటి ముందు సందులో, బిల్డింగ్ నీడలో పని షురూ అయింది. నాన్న బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. పై నీళ్ల పైపును మధ్యలో కోసి, అక్కడ ఒక చిన్న లోహపు గొట్టం పెట్టి, దానికి వేడి తెలుసుకునే సెన్సార్ బిగించాడు. ఇంజనుకూ సీట్లకూ మధ్యనున్న రేకులోంచి వైరు లోపలికి తీశాడు. రేకు అంచుకు వైరు కోసుకుపోకుండా రంధ్రానికి రబ్బరు రింగు తొడిగాడు. మా ఆయన లోపల కూర్చుని మీటర్లకు రేకుపట్టీ తయారు చేస్తున్నాడు.

మీటర్లు ఎక్కడ పెట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. నాన్న డ్యాష్‌బోర్డు నడిమధ్యన పెట్టమన్నాడు. మా ఆయన స్టీరింగు పక్కనే కావాలన్నాడు.

“రోడ్డు మీదికెల్లి కన్ను తియ్యకుండ కనపడాలె. రైలుకు పట్టాలున్నయ్. నాకు ముంగటంతా ఆటోలే అని చెప్పు.”

నేను నోరు తెరిచేలోపే బానెట్ వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. “నిజమే. ఆడనే పెట్టుమను.”

ఆయిల్ మీటరుకు ఇంజను పక్కన ఒక ఇత్తడి జాయింటు బిగించాలి. అది చెయ్యి సరిగ్గా పట్టని చోటు. నాన్న చాలాసేపు తిప్పలు పడ్డాడు. చివరికి, “ఒకసారి స్టార్ట్ చెయ్యమను” అన్నాడు. “స్టార్ట్ చెయ్యమంటుండు” అని నేను మా ఆయనకు చెప్పేసరికి లోపల కుక్కర్ విజిల్ వేసింది. పొయ్యి కట్టేద్దామని పరిగెత్తాను.

ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే నాన్న కేక.

“ఆపు! బాబూ, బంద్ చెయ్! బాబూ!”

సందులో ఇంకెవరినో పిలుస్తున్నాడనుకున్నాను. బయటికొచ్చి చూస్తే నాన్న మొహం నిండా, చొక్కా నిండా నల్లటి ఆయిల్. జాయింటు దగ్గర్నుంచి చిమ్మింది. మా ఆయన ఒక్క గంతులో దూకి, నాన్న కళ్లద్దాలు తీసి, తన భుజం మీది తువాలుతో మొహం తుడుస్తున్నాడు.

“కాలిందా మామా? కండ్లల్ల పడ్డదా?”

“ఏం కాలే, ఏం కాలే. ఇప్పుడే స్టార్ట్ చేసినం గదా, ఇంకా సల్లగనే ఉంది.” నాన్న అద్దాలు లేని కళ్లతో తన చేతుల వైపు చూసుకున్నాడు. “జాయింట్ సరిగ్గ బిగియ్యలే నేను. చేతులల్ల పట్టు తగ్గింది బాబూ.”

మా ఆయన ఆ చేతిలోంచి మెల్లగా స్పానర్ తీసుకున్నాడు. “మీరు చెప్పుండ్రి మామా. నేను బిగిస్త.”

నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వాళ్లిద్దరిలో ఎవరూ నా వైపు తిరగలేదు.

“జెర నీ దిక్కుకు తిప్పు. ఇంకొంచెం.”

“ఇట్లనా?”

“ఆఁ. చాలు, చాలు. ఇత్తడి అది, ఎక్కువ తిప్పితే పగుల్తది.”

మళ్లీ స్టార్ట్ చేశారు. ఈసారి ఆయిల్ మీటరు ముల్లు సున్నా దగ్గర్నుంచి లేచి, కాస్త వణికి, కుదురుగా నిలబడింది. డ్రైవర్ వైపు కిటికీలోంచి రెండు తలలు కలిపి చూశారు. లోపలికి వెళ్లి కూరలో ఉప్పేశానో లేదో గుర్తురాక రెండోసారి వేశాను.

లోడు లేకుండా అయినా నడిపి చూడాలన్నాడు నాన్న. ఎలాగూ ఆయన్ని మౌలాలిలో దింపాలి కదా అని ముగ్గురం ఎక్కాం. నేను మధ్యలో కూర్చున్నాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వేడి ముల్లు మెల్లగా పైకి జరిగి, సగం దగ్గర ఆగింది.

“గిట్లనే ఉండాలె” అన్నాడు నాన్న, నా మీదుగా వంగి వేలితో చూపిస్తూ. “ఈ గీత దాటిందంటే బండి పక్కకు పెట్టు. లోపల ఎంత జరూర్ సామానున్నా సరే.”

“పెండ్లోళ్లు తిడ్తరు మామా.”

“తిట్టనీ. తిడితే ఏమైతది? నా మనసుల నిన్ను నేనెన్ని తిట్టిన్నో.”

మా ఆయన గేరు మార్చి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, “నాకెరుకే మామా” అన్నాడు. నాన్నకు ముందు దగ్గు వచ్చింది. అది నవ్వేనని కాసేపటికి గాని తెలియలేదు.

అమ్మవాళ్లింటి ముందు దిగాక మా ఆయన ఎప్పట్లాగే బండి దగ్గరే ఆగిపోయాడు. నాన్న గేటు తెరిచి పట్టుకున్నాడు. “రా బాబూ. ఆ చేతులు గట్లనే పెట్టుకుంటవా?” అన్నాడు.

పెరట్లో కొళాయికి నీళ్లు రావట్లేదు. అమ్మ డ్రమ్ము మూత తీసి, సబ్బుపొడి తెచ్చిచ్చింది. మా ఆయన వంగి చేతులు రుద్దుకుంటుంటే నాన్న చెంబుతో నీళ్లు పోశాడు. మురికి వదలక మళ్లీ పోశాడు. అమ్మ నా పక్కన నిలబడి చూస్తోంది.

“కాళ్లు కడగాల్సినాయన, ఇయ్యాల చేతులు కడుగుతుండు” అంది, నాకు మాత్రమే వినపడేలా. అని, పప్పులో పోపు పెట్టడానికన్నట్టు గబగబా లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి ఎండాకాలం, మధ్యాహ్నంపూట లోడుతో పోతుంటే వేడి ముల్లు గీత దాటిందట. మా ఆయన వెంటనే బండి పక్కకు తీసి నాన్నకు ఫోన్ చేశాడు. నాన్న నీళ్ల క్యాన్లతో ఆటోలో వెళ్లాడు. ఫ్యాన్ బెల్టు వదులై జారుతోందట. చెట్టు కింద కూర్చుని ఇంజను చల్లారేదాకా ఆగి, బెల్టు బిగించి, నీళ్లు పోసి, కుర్చీలు దింపి, దారిలో ఇరానీ చాయ్ కూడా తాగారు. ఇదంతా నాకు పొద్దు గూకాక తెలిసింది. ఇద్దరూ డీజిల్ వాసనతో లోపలికొచ్చి, ఆకలైతుంది, వంటేంటని అడిగినప్పుడు.