మొగుళ్ళ ఫోన్లలో పాత ఫైలు

హిమజకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మన్నెగూడలో హార్డ్‌వేర్ దుకాణం పైనున్న వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులో మూడేళ్ళుగా పనిచేస్తోంది. ఆ శనివారం ఆమె గొంతు పొద్దున్నే తగ్గింది. యజమాని దివాకర్ అది గమనించలేదు. గమనించే మనిషే అయితే ఇంత కథ ఎందుకవుతుంది?

సంగతేమిటంటే, ఇబ్రహీంపట్నం పక్కన హిమజ వాళ్ళ ఊరి మత్స్యకారుల సంఘంలో ఆడవాళ్ళకు ఈ ఏడే సభ్యత్వం దొరికింది. వలలు బాగుచేసేది వాళ్ళే, చేపలు గంపకెత్తుకుని ఊరూరా అమ్మేదీ వాళ్ళే, సంఘంలో పేరు మాత్రం మొగవాళ్ళది. ఏడేళ్ళు కొట్లాడి ఇరవై ఆరుగురు లోపలికొచ్చారు. హిమజ తల్లి ఇంద్రమ్మ వాళ్ళలో ఒకతె. సంఘం ఎన్నికల్లో ఓటెయ్యాలంటే ఆ శనివారం సాయంత్రం ఐదులోగా సంఘం వెబ్‌సైటులో పేరు ఎక్కించుకోవాలి. దాటితే మళ్ళీ ఐదేళ్ళ దాకా ఓటు లేదు. పైగా అధ్యక్షుడు రామచంద్రయ్య ఒక షరతు పెట్టాడు, ఒక ఫోను నుంచి ఒక ఇంటివాళ్ళ పేర్లే ఎక్కాలని.

ఆ వెబ్‌సైటు చేసింది దివాకర్ ఆఫీసే. పాత సభ్యుల నంబర్లకు నాలుగంకెలు, ఆడవాళ్ళ కొత్త నంబర్లకు ఐదు. ఐదంకెలకు ఒప్పుకునేలా హిమజ పది రోజుల కిందటే నంబరు సరిచూసే ఫైలును సరిచేసింది. అయినా పొద్దున ఇంద్రమ్మ తన నంబరు కొడితే "సభ్యత్వ సంఖ్య తప్పు" అని వచ్చింది. ఆ ఇరవై ఆరుగురిలో ఒక్క అనంతమ్మకు తప్ప అందరికీ అదే వరస. సంఘం ముందర మొగవాళ్ళు ఒకటే నవ్వట, "కంప్యూటర్ గూడ మిమ్ముల ఒద్దంటుంది" అని.

హిమజ తన ఫోనులో చూస్తే బాగానే ఉంది.

"అమ్మా, నా ఫోన్ల నీ పేరు ఎక్కిస్త."

"నాదొక్కటే ఎక్కిచ్చుకోని ఏం జెయ్యాలె? అందరియి ఎక్కినంకనే నాది," అంది ఇంద్రమ్మ.

ఆఫీసుకు పోయే బస్సులో కూర్చున్నాక హిమజకు చిక్కుముడి విడిపోయింది. అనంతమ్మది ఈ వారమే కొన్న సొంత ఫోను; హిమజ తన ఫోనులో పరీక్షల కోసం పాతవి తుడిచేస్తూ ఉంటుంది. మిగతావాళ్ళంతా మొగుళ్ళ ఫోన్లు పట్టుకున్నారు. ఆ మొగుళ్ళు నిరుటి నుంచీ ఆ సైటు చూస్తున్నారు. చెరువు కట్ట మీద సిగ్నల్ అంతంతమాత్రమని, ఒకసారి దించుకున్న ఫైలును ఏడాదిదాకా ఫోను మళ్ళీ అడగకుండా దివాకర్ ఏర్పాటు చేశాడు. ఫైలు మారినా పేరు మారలేదు కాబట్టి ఆ ఫోన్లు తమ దగ్గరున్న పాతదాన్నే వాడుకుంటున్నాయి.

"గంతేనా? ఫోన్ల హిస్టరీ తుడుసుకొమ్మను," అన్నాడు దివాకర్, ఆఫీసుకొచ్చి హిమజ సంగతి చెప్పగానే.

"మొగుని ఫోన్ల హిస్టరీ తుడుస్తనంటే ఏ మొగుడు ఇస్తడన్నా?"

"అయితే ఊకో. ఫైలు పేరు పక్కన రెండు అని పెట్టు, సరిపోతది."

"పోయినసారి నువ్వు గట్లనే పెట్టి మూడు పేజీలల్ల మర్సిపోయినవ్. చేత్తోటి చేస్తే మళ్ళ మరుస్తం. మనం సైటు కట్టిన ఫ్రేమ్‌వర్క్‌ల పేరు దానంతటదే మార్చే ఏర్పాటు ఉన్నది, పెడుత."

"ఆఖరి దినం ముట్టుకుంటే సైటు కూలుతది. రామచంద్రయ్య మన గిరాకీ. కూలిందో, నీ నౌకరి పోతది."

"పోనియ్," అంది హిమజ, గొంతు ఇంకా తగ్గించి.

ఆ ఏర్పాటు పెడితే, ఫైలులో ఉన్నదాన్ని బట్టి ఫ్రేమ్‌వర్క్ ఒక గుర్తు లెక్కగట్టి దాని పేరుకు తగిలిస్తుంది. ఒక్క అక్షరం మారినా గుర్తు మారుతుంది, పేరూ మారుతుంది. పేజీని ఫోను ఎప్పుడూ కొత్తగానే అడుగుతుంది కనుక అందులో కొత్త పేరు చూసి ఆ ఫైలు తెచ్చుకుంటుంది. పాతది ఎవరూ తుడవక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. అసలు చాకిరీ వేరే ఉంది. నలభై పేజీల్లో దివాకర్ పేర్లన్నీ చేత్తో రాసి పెట్టాడు మహానుభావుడు. ఒక్కోటీ తీసి, పేరు ఫ్రేమ్‌వర్క్‌నే అడిగేటట్టు మార్చాలి. హిమజ అన్నం డబ్బా తెరవలేదు. రెండుసార్లు పరీక్షించి, నాలుగింటికి పది నిమిషాల ముందు ఎక్కించింది. సైటు కూలలేదు. మళ్ళీ నంబర్లు కొట్టమని తల్లికి ఫోను చేసింది.

పొద్దున ఎక్కిన అనంతమ్మ పేరు కింద సంతోషమ్మ పేరు వచ్చింది. తర్వాత ఒకటొకటే. నాలుగు గంటల నలభై నిమిషాలకు ఇరవై ఆరో పేరుగా ఇంద్రమ్మ ఎక్కింది, మొగుడు కిష్టా ఫోనులోంచే. హిమజకు కళ్ళనీళ్ళాగలేదు, తుడుచుకోనూ లేదు.

"నా మాట ఇననోళ్ళు నాకొద్దు. సోమవారం నుంచి రాకు," అన్నాడు దివాకర్.

"వస్త. తీసేస్తే కాయితం మీద రాసియ్యి, ఎందుకు తీసేసినవో గూడ రాయి."

దివాకర్ కాగితం తీయలేదు.

ఐదింటికి సంఘం ముందర జాబితా చదవడం మొదలైంది. ఇంద్రమ్మ ఫోను చేసి పట్టుకుంది, హిమజ వింటోంది. మొగవాళ్ళ పేర్లన్నీ తీరిగ్గా చదివి, "ఇగ కొత్తోళ్ళయి గోడకు అంటిస్తం, సూసుకోండ్రి," అన్నాడు రామచంద్రయ్య.

"ఏడేండ్లు ఒద్దన్న మాట నీ నోట్లకెల్లే ఇన్నం గదనే," అంది ఇంద్రమ్మ. "పేర్లు గూడ నీ నోట్లకెల్లే రావాలె. సదువు."

రామచంద్రయ్య గొణిగినట్టు చదివాడు, "అనంతమ్మ... సంతోషమ్మ..."

"ఇనొస్తలేదు," అన్నారు ఆడవాళ్ళు అందరూ కలిసి. "మొదటికెల్లి సదువు."

రామచంద్రయ్య గొంతు సవరించుకుని మొదటి నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.