ఇనప మూకుడు వైద్యం

ఇంత చిన్న సంగతి రాయడమెందుకనుకున్నాను గానీ, మా ఆవిడ నవ్వు ఊరుకోనివ్వలేదు. ఆవిడకి కొన్నాళ్లుగా ఒకటే నీరసం. నాలుగు పుస్తకాలు తిరగేసి, ఒంట్లో ఇనుము తక్కువని నేనే తేల్చాను. గుంటూరు నుంచి అమెరికాలో మేముండే పిస్కాటవే దాకా మోసుకొచ్చిన ఇనప మూకుట్లోనే కూరలన్నీ వండించాను. విమానంలో దాని బరువు వేరే కథ.

ఇవాళ, ల్యాబ్‌లో పనిచేసే మా కోడలు ఆవిడ రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూపించింది.

"ఐరన్ తక్కువైతే కణాలు చిన్నగా, పాలిపోయి ఉంటాయి మామయ్యగారూ. ఇవి పెద్దవి, గుడ్డు ఆకారం. ఇది బీ ట్వెల్వ్ లోపంలా ఉంది. శాకాహారుల్లో చూస్తుంటాం."

"జన్మలో ముట్టని గుడ్డు నా ఒంట్లో ఎలా దూరిందమ్మాయ్!" అని మా ఆవిడ పడిపడి నవ్వింది.

మీ ఇళ్లలోనూ నాలాంటి వైద్యులుంటే చెప్పండి, తోడుంటుంది.

డాక్టరు చూసి ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇంటికొచ్చాక ఆవిడ అదే మూకుట్లో వంకాయ వేపుడు చేసింది.