కత్తికి ముందు ఖాళీ చోటు

రాయచెర్లు దాసన్న ఎవరి వెనక నడిచినా మధ్యలో ఒక మనిషికి చోటు వదిలే నడుస్తాడు. టీ అంగడికాడ నిలబడినా అంతే. అది పాళెగాని కత్తి మోసిన అలవాటు. పాళెగాళ్లు పోయి ఎన్ని తరాలైనా, ప్రతి దసరాకూ వాళ్ల పట్టాకత్తిని భుజాన పెట్టుకుని, చెప్పుల్లేకుండా పొలిమేర చుట్టి వస్తాడు. కత్తికి ముందు ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉండాల. అది దొరది. అందులోకి కుక్క వచ్చినా ఆగిపోతాడు, అది పోయేదాకా కదలడు. చేన్లన్నీ సోలార్‌కు లీజుకు పోయినాక పొలిమేర దావ ప్యానెళ్ల వరసల వెంబడి పడింది. ఆ అద్దాల వైపు చూడకుండా తల వంచుకునే నడుస్తాడు.

ఈ దసరా పొద్దున, ప్యానెళ్లు కడుగుతున్న కోడలు సవిత ఆయన పోవడం చూసి చేతిలో గుడ్డ జారవిడిచింది. ఇంటికొచ్చినాక చెంబుతో నీళ్లిస్తూ అడిగింది.

"మామా, నీ ముందర నడిచినాయన ఎవురు? దావలో నువ్వొక్కడివే ఉంటివి. అద్దంలో ఇద్దరుండారు."

దాసన్న చెంబు అందుకోలేదు.

"మీసం రాకముందు నుంచీ మోస్తాండా. నాకు ఒక్కతూరి కూడా కనబడలేదమ్మా," అన్నాడు.

లేచి కత్తి తెచ్చి, వద్దంటున్నా ఆమె చేతుల్లో పెట్టినాడు. పెట్టినాక తాను కత్తికి ముందు నిలబడి ఉన్నట్టు తెలిసి, గబుక్కున పక్కకు తప్పుకున్నాడు.