గంపెడాశకు అర్థం

నౌపడలో రైలు ఆగితే చాలు, కిటికీలోంచి ఉప్పుమడుల గాలి ముఖానికి కొడుతుంది. మొన్న పలాస వెళ్తుంటే అక్కడే ఎవరో ఎండుచేపల గంప మా పెట్టెలోకి ఎక్కించారు. తోటివాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం మా తెలుగు టీచరు సుభద్రమ్మగారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆవిడ ఒకరోజు 'గంపెడాశ'ను సొంతవాక్యంలో వాడమన్నారు. మా అమ్మ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి చేపలు అమ్మేది. నేను లేచి, "మా అమ్మ గంపెడాశతో సంతకెళ్లి, గంపెడు చేపలతోనే తిరిగొచ్చింది" అన్నాను. ముందురోజు వానకి నిజంగా జరిగిందే అది. తరగతంతా గొల్లుమంది.

"నవ్వుతారేటర్రా? అర్థం దానికి తెలిసినంత మీకు తెలుసా?" అని గదమాయించి, ఆవిడ నా దగ్గరకొచ్చారు. "గంప నిండిపోయేటంత ఆశ. సిన్నాసితకా ఆశకి ఈ మాట వాడరు. కానీ సూడమ్మీ, ఈ మాటతో మొదలెట్టినోళ్లందరూ సివర్న నిరాశే రాస్తారు. నువ్వు ఇంకోలా సెప్పు."

"మా అమ్మ గంపెడాశతో నన్ను బడికి పంపింది" అన్నాను.

"తర్వాతేటయింది?"

"ఇంకా ఏటీ అవలేదు టీచర్."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పది పాసయ్యాక నన్ను చదువు మాన్పించి తనతో తిప్పుకోవాలనుకుంది అమ్మ. సుభద్రమ్మగారు మా ఇంటికొచ్చి చాపమీద కూర్చుని, "దీన్ని నాకొదిలీ తల్లీ" అని అడిగారు. విజయనగరంలో కాలేజీలో చేర్పించి, హాస్టల్లో దిగబెట్టిందీ ఆవిడే. నేనూ తెలుగు టీచర్నే అయ్యాను.

రిటైరయ్యాక ఆమదాలవలసలో ఉంటున్న ఆవిడకి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యితో పాటు మాటలూ పోయాయి. ఒక్క మాట మిగిలింది: రేపు. దాహమేసినా రేపు, నొప్పెట్టినా రేపు.

"మాటొస్తాదని డాక్టరన్నాడమ్మా. గంపెడాశతో ఉన్నాను" అన్నారు ఆవిడ భర్త. ఆ మాట వినగానే నాకు భయమేసింది.

ఆదివారాలు వెళ్లి, చంటిపిల్లకి నేర్పినట్టు వస్తువులు చూపించేదాన్ని. "టీచర్, ఇది గ్లాసు." "రేపు." తప్పని ఆవిడకి తెలుస్తూనే ఉండేది. తల విసురుగా అడ్డంగా ఊపేవారు. పిల్లలకి మాటలు పంచిన మనిషి మంచినీళ్లనలేక పెదాలు కొరుక్కుంటుంటే ఒకరోజు నేను తట్టుకోలేక ఏడ్చేశాను. ఆవిడ ఎడమచేత్తో నా చెంప తుడిచి, నెమ్మదిగా, ఓదార్పుగా, "రేపు" అన్నారు. వెతుక్కున్న మాటే ఆ ఒక్కసారి దొరికిందో, నోటికి అలవాటైన మాటే మళ్లీ వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మరుసటి ఆదివారానికి ఆవిడ లేరు.

మా బడిలో ఏ పిల్లయినా పద్యం అప్పజెప్పలేక ఏడిస్తే, "పర్లేదమ్మీ, రేపు చెబుదువుగాని" అంటాను. అన్నాక కాసేపు నాకు ఇంకో మాట రాదు.