శాలువాకు గంజి

దేశరాజధానికి వచ్చి ద్వారకలో కాపురం పెట్టిన కొత్తలో చలికి భయపడి కనిపించిన స్వెటరల్లా కొన్నాను. రెండు ఉతుకులకే పీచు లేచి, చంకల్లో సాగి, ఊరికే అల్మారాలో చోటు తినేవి. చివరికి విసుగెత్తి అన్నీ ఎవరికో ఇచ్చేసి, ఒక్క మంచి ఉన్ని శాలువా కొనుక్కున్నాను. అప్పటినుంచి ప్రతి చలికాలం అదే. పురుగు కొరికినచోట చిల్లు కనబడకుండా పోగులల్లించి రఫూ చేయించుకున్నాను, ఆటో రేకుకు తగులుకుని చిరిగితే మళ్ళీ చేయించుకున్నాను. మీకు ఇదొక్కటేనా అని ఆఫీసులో అడిగినవాళ్ళకు, అవును ఒక్కటే అని చెప్పేదాన్ని. అందులో కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

మామయ్యగారు పోయాక అత్తయ్యగారు కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చేశారు. ఊరికే కూర్చోలేని మనిషి. ఇక్కడేమో వంట నేను, అంట్లు పనిమనిషి, పక్కింటి ఆంటీతో మాట్లాడదామంటే హిందీ రాదు. ఏదో ఒకటి చెయ్యాలని ఆవిడ తాపత్రయం. దసరా వెళ్ళాక ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, బాల్కనీలో తాడు మీద నా శాలువా అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. ఏం చేశారని అడిగితే మురిసిపోతూ చెప్పారు.

"ఇంత మంచి గుడ్డ నలిగిపోయి ఉంటే చూడలేకపోయానమ్మా. చిక్కగా గంజి పెట్టి ఆరేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేతచీరలకు గంజి పెట్టి ఇంటి పరువు నిలిపిన మనిషికి ఉన్ని సంగతి ఏం తెలుస్తుందని సర్దిచెప్పుకున్నాను. గోరువెచ్చని నీళ్ళలో షాంపూ వేసి నానబెట్టాను. గంజి వదిలింది గానీ, నీళ్ళోడుతున్న శాలువాను నేనూ ఆవిడా చెరో కొసా పట్టుకుని ఎత్తుతుంటే పాత రఫూ దగ్గర పర్రున చిరిగింది.

ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే, రాజమండ్రిలో కూతురింటికి టికెట్టు తియ్యమని మా ఆయనతో అన్నారు. ఇక్కడ తను చెయ్యి పెట్టిందల్లా పాడవుతోందట. మా ఆయన నా వంక చూశారు. శాలువా పోతే మరొకటి వస్తుంది, ఈవిడ ఇలా మనసు కష్టపెట్టుకుని వెళ్తే మళ్ళీ రారు. నాకు భయం వేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు తీసే మనిషి ఉండటం ఎంత సుఖమో ఆవిడ వచ్చాకే నాకు తెలిసింది.

ఎప్పుడూ రఫూ చేసే భయ్యా దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఆరిన శాలువాను తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, "మీరే బాగుచెయ్యండి అత్తయ్యా" అన్నాను.

చాలాసేపు చిరుగును తడుముతూ కూర్చున్నారు. తర్వాత శాలువా అంచు కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి, సూదిలోకి ఎక్కించమని నాకిచ్చారు. ఆ రంగు పోగు బజారులో దొరకదు, గుడ్డను దాని పోగుతోనే బాగుచెయ్యాలి అన్నారు. రోజూ ఎండ పడేచోట కుర్చీ వేసుకుని, ముందు నిలువు పోగులు పరిచి, అడ్డంగా ఒకటి విడిచి ఒకటి నేసినట్టు కుట్టారు. అతుకు కనిపిస్తుంది. కనిపించనీ.

టికెట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అయినా కుట్టడం పూర్తయిన రోజున, ఇక వెళ్తానంటారేమోనని భయపడ్డాను. ఆవిడ శాలువాను నా భుజాల మీద కప్పి, అంచు సరిచేసి, మా ఆయన చొక్కాలన్నీ పట్టుకురమ్మన్నారు.

"వాడి కాలర్లు అరిగిపోయాయి. అన్నీ విప్పి, తిరగేసి కుట్టాకే వెళ్తాను."

ఇది జరిగి రెండు చలికాలాలయింది. ఆవిడ తిరగెయ్యాల్సిన కాలరు ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటోంది. మా ఆయనకు మెడ రుద్దుకునే అలవాటు, కాలర్లు ఇట్టే అరుగుతాయి. ఇదివరకు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఏమీ అనడం లేదు.